ప్రామాణిక పాదచారి

మా సంస్థలో నేల మీద విమానం ఎంత వేగంగా వెళ్ళాలి అన్న ప్రశ్న, డైరెక్టరుగా పరాంకుశం గారు చార్జి తీసుకున్న రోజున, ఆయన షామియానా కింద ఉండగా పుట్టింది. కింద అంటే, షామియానా ఆయన మీద పడి ఉండగా.

నా పేరు భానోజీరావు. కుంకుడుపాడులోని రాష్ట్ర విమాన చోదక శిక్షణ సంస్థలో సూపరింటెండెంటుని. మాకు ఒక రన్‌వే, రెండు చిన్న విమానాలు, వాటిని నడపడం నేర్చుకునే విద్యార్థులు కొందరు, ఆ విద్యార్థులను చూసుకునే ఆఫీసు సిబ్బంది అంతకంటే చాలామంది ఉన్నారు. నేను ఎప్పుడూ విమానం ఎక్కలేదు. ఎక్కాలని సర్వీసు రూల్సులో ఎక్కడా లేదు. పరాంకుశం గారు కూడా ఎక్కలేదు. ఆయన పట్టుపరిశ్రమ శాఖ నుంచి బదిలీ మీద వచ్చారు. అక్కడ ఆయన హయాంలో ఒక్క పురుగు కూడా అనుమతి లేకుండా గూడు కట్టలేదని చెప్పుకునేవారు.

ఆ రోజు విమానాలు పెట్టే హ్యాంగరు ముందు షామియానా వేశాం. దండలు, సన్నాయి, కారప్పూస పొట్లాలు అన్నీ సిద్ధం. అపరంజి అనే విద్యార్థిని అప్పుడే విమానం దింపి, సభ మొదలైపోతుందేమోనని రన్‌వే నుంచి గబగబా తోలుకొచ్చింది. మలుపు దగ్గర బ్రేకు నొక్కింది గానీ రెక్క చివర వెళ్ళి షామియానా గుంజకి తగిలింది. గుంజ ఒరిగింది. గుడ్డ నిదానంగా, ఎవరినీ తొందరపెట్టకుండా, వేదిక మీద వాళ్ళందరినీ కప్పేసింది. ఎవరికీ దెబ్బ తగల్లేదు. సన్నాయి మాత్రం లోపల కాసేపు వినిపిస్తూనే ఉంది.

అపరంజి విమానం దిగి పరిగెత్తుకొచ్చింది. తునిలో తమలపాకుల వ్యాపారం చేసే వాళ్ళమ్మాయి. ఆమె వయసు వాళ్ళు స్కూటీ కొనమని పోరుతుంటే ఈమె విమానం నేర్పించమని అన్నం మానేసి మరీ వచ్చింది. "తప్పైపోయింది సార్, వేగంగా వచ్చేశాను" అంది గుడ్డ వైపు తిరిగి, డైరెక్టరు ఏ మూలన ఉన్నారో తెలియక.

గుడ్డ లోపల నుంచి గంభీరమైన గొంతు వినిపించింది. "నేల మీద విమానం వెళ్ళవలసిన వేగం ఎంత?"

ఆమె పక్క సీట్లోంచి దిగి వచ్చిన మా చీఫ్ ఇన్‌స్ట్రక్టరు కెప్టెన్ దేవసహాయం గారు గుడ్డ పైకెత్తుతూ జవాబు చెప్పారు. "మనిషి చురుగ్గా నడిచినంత వేగం సార్. ఇలా మనుషులూ విమానాలూ ఉన్న చోట అంతకు మించకూడదు."

పరాంకుశం గారు బయటికి వచ్చారు. తల మీద బంతిపువ్వు రేకులు ఉన్నాయి. అవి దులుపుకోకుండానే అడిగారు. "ఏ మనిషి?"

దేవసహాయం గారు నవ్వారు. ఆయన ఒక్కరే నవ్వారు.

మర్నాడు డైరెక్టరు గదిలో దేవసహాయం గారు ఓపిగ్గా వివరించి చెప్పారు. అదేమీ కొలత కాదట. చోదకుడు కిటికీలోంచి పక్కకి చూస్తే, పక్కన ఎవరైనా నడుస్తున్నట్టయితే వాళ్ళు వెనకబడకూడదు, అంతే. దారి ఖాళీగా ఉంటే కాస్త ఎక్కువ వెళ్ళొచ్చు. గాలి వెనక నుంచి తోస్తుంటే ఇంకా తగ్గాలి. "కావలసినప్పుడు ఆగగలిగినంత వేగం సార్. నాలుగు రోజులు తోలితే ఒంటికి తెలిసిపోతుంది."

"ఒంటికి తెలిసేది ఆడిట్‌కి తెలియదు కదా కెప్టెన్ గారూ" అన్నారు పరాంకుశం గారు. "మీరు చురుగ్గా అన్నారు. చురుకు అనేది స్వభావమా, పరిమాణమా? మనిషి అన్నారు. పొడుగు మనిషా, పొట్టి మనిషా? ఒక సంస్థ ఊరూ పేరూ లేని మనిషి వెనకాల వెళ్ళడం సమంజసం కాదు. భానోజీరావు గారూ, ఉపసంఘం వేద్దాం."

నేను రాసుకున్నాను. భూతల వేగ నిర్ధారణ ఉపసంఘం. అధ్యక్షులు డైరెక్టరు గారు. సభ్యులు నేనూ, నడక విషయంలో నిపుణుడు కావాలి కాబట్టి మా ఊరి కాలేజీ వ్యాయామ ఉపాధ్యాయుడు పి.డి. మాస్టారూ. దేవసహాయం గారికి విమానాలంటే పక్షపాతం ఉండే అవకాశం ఉంది కనుక ఆయన్ని ఓటు లేని ప్రత్యేక ఆహ్వానితులుగా పెట్టాం. నివేదిక వచ్చేదాకా విమానాలు కదలకూడదు. అపరంజి ఒంటరిగా విమానం నడిపే పరీక్షకి దాదాపు సిద్ధమైన సమయం అది. రోజూ వచ్చి, ఆగి ఉన్న విమానంలో కూర్చుని, కళ్ళు మూసుకుని మీటలు తడుముకుని వెళ్ళేది.

ఉపసంఘం సిబ్బంది అందరినీ టాక్సీవే మీద నడిపించింది. హ్యాంగరు నుంచి రన్‌వే దాకా విమానాలు వెళ్ళే దారిని టాక్సీవే అంటారు. పేరు వినగానే పరాంకుశం గారు దీనికి రవాణా శాఖ పర్మిట్ ఉందా అని అడిగారు. లేదని తెలిసి బాధపడ్డారు.

పి.డి. మాస్టారు ఈల ఊదుతూ నడకలు పరీక్షించారు. చాలా విషయాలు బయటపడ్డాయి. స్టోర్సు గుమస్తా పొద్దున ఆఫీసుకి వచ్చే వేగం ఒకటి, సాయంత్రం ఇంటికి వెళ్ళే వేగం ఇంకొకటి. రెండూ ఒకే మనిషివని నమ్మడం కష్టమైంది. క్యాషియరు, ఎదురుగా డైరెక్టరు ఉంటే ఒకలా, వెనక ఉంటే ఒకలా నడిచాడు. టైపిస్టు నడుస్తూ నడుస్తూ ఏదో గుర్తొచ్చి ఇంటికి వెళ్ళిపోయింది. నా నడకలో వినయం ఎక్కువైందని మాస్టారు రాశారు.

చివరికి మిగిలినవాడు అటెండరు గవర్రాజు. డైరెక్టరు గదికీ నా గదికీ మధ్య ఫైళ్ళు మోసేవాడు. టీ తేవడానికి వెళ్ళినా, జీతం తీసుకోవడానికి వెళ్ళినా, గంట మోగినా, పాము కనిపించినా అతని నడక ఒకటే. పరాంకుశం గారు అతన్ని టాక్సీవే మీద అటూ ఇటూ నడిపించి, కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు.

"ఇతని నడకలో ఉద్దేశం అనేదే లేదు" అన్నారు మెచ్చుకోలుగా. "ప్రమాణానికి కావలసింది అదే."

"కానీ సార్, అది చురుగ్గా లేదు" అన్నారు దేవసహాయం గారు.

"చురుకు తరవాత చేర్చుకోవచ్చు. ముందు నిలకడ ఉండాలి."

ఆ విధంగా గవర్రాజు ప్రామాణిక పాదచారి అయ్యాడు. సంస్థ పరిధిలో ఏ విమానమూ నేల మీద ప్రామాణిక పాదచారి నడక వేగాన్ని మించరాదని ఉత్తర్వు వచ్చింది. మించిందో లేదో తెలియాలంటే అతను విమానం ముందు నడవాలి కదా. పసుపు కోటు, ఎర్రజెండా, పచ్చజెండా ఇచ్చాం. తిరిగే ప్రొపెల్లరు ముందు మనిషిని నడిపించడం హత్యాయత్నంతో సమానమని దేవసహాయం గారు అభ్యంతరం రాశారు. దాన్ని పరిశీలించి, విమానం పాదచారికి మరీ దగ్గరగా రాకూడదు, మరీ దూరమూ కాకూడదు అని సవరణ చేశాం.

విమానాలు మళ్ళీ కదిలాయి. ముందు గవర్రాజు, వెనక విమానం. ఊళ్ళో జనం కంచె దగ్గర నిలబడి చూసేవారు. తెలిసినవాళ్ళు పలకరిస్తే గవర్రాజు ఆగి జవాబు చెప్పేవాడు. విమానం కూడా ఆగేది. వాళ్ళ బావమరిది పెళ్ళి సంబంధం గురించి ఒకరోజు అలా సాకల్యంగా మాట్లాడుకున్నారు. ఇంజను గర్రుమంటూ అంతా విన్నది.

పదవి మనిషిని మారుస్తుందని విన్నాను, గవర్రాజు విషయంలో చూశాను. మొదటి వారంలోనే అతనికి తన పాదాల మీద గౌరవం ఏర్పడింది. ఫైళ్ళు మొయ్యడం మానేశాడు, ప్రమాణం అరిగిపోతుందట. ఇంటి నుంచి ఆటోలో వచ్చేవాడు. ఎవరైనా "ఒరే గవర్రాజూ" అంటే వినిపించేది కాదు. ఒకరోజు ఎడమ పాదంలో ఆనికాయ లేచింది. దాంతో మా సంస్థలో విమానయానం సగానికి సగం నెమ్మదించింది. రెండో విమానం వేగం తగ్గించడం కోసం బ్రేకు తొక్కీ తొక్కీ, చక్రాల దగ్గర పొగ వచ్చింది.

దేవసహాయం గారు ఆ విషయం చెప్పడానికి వచ్చారు. "బ్రేకులు మాడిపోతున్నాయి సార్. అతని కాలు బాగయ్యేదాకా అయినా..."

"కాలిని బట్టే ప్రమాణం కెప్టెన్ గారూ. ప్రమాణాన్ని బట్టి కాలు కాదు. కొత్త బ్రేకులకి ఇండెంటు పెట్టండి."

ఆ తరవాత గవర్రాజే ఒక అర్జీ ఇచ్చాడు. వెనకాల ఇంజను అరుస్తుంటే తనకు తెలియకుండానే అడుగు తొందరపడుతోందని, ప్రమాణం చెడితే బాధ్యత తనది కాదని. పి.డి. మాస్టారు వచ్చి అతని గుండె మీద చెయ్యి వేసి చూసి నిజమేనన్నారు. ఉపసంఘం కూర్చుంది. టాక్సీవే మీద ఇంజను ఆపి ఉంచాలని, విమానాన్ని సిబ్బంది వెనక నుంచి తొయ్యాలని తీర్మానించింది. వంతుల వారీగా డ్యూటీ వేశారు. మొదటి వంతు నాది. అపరంజి లోపల కూర్చుని స్టీరింగు చూసుకునేది, నేనూ క్యాషియరూ తోసేవాళ్ళం. సర్వీసులో మొదటిసారి నేను విమానాన్ని తాకింది అప్పుడే. లోపల నుంచి ఆ అమ్మాయి "క్షమించండి మామయ్యగారూ" అనేది ప్రతి కుదుపుకీ.

రన్‌వే చేరాక మాత్రం ఇంజను వేసుకునేవారు. దాని గురించి ఉత్తర్వులో ఏమీ లేదు. దేవసహాయం గారు అడగనూ లేదు. తలుపు వేసుకుని ఎగిరిపోయేవారు. డైరెక్టరు గారి గది కిటికీ రోడ్డు వైపు ఉంటుంది. ఆలస్యంగా వచ్చే సిబ్బందిని చూడటానికి ఆయనే అటు పెట్టించుకున్నారు. అందువల్ల తన సంస్థలో విమానం ఎలా ఎగురుతుందో ఆయన ఎప్పుడూ చూడలేదు.

చూసిన రోజు రానే వచ్చింది. అపరంజి మొదటిసారి ఒంటరిగా ఎగిరే రోజు. మా దగ్గర అదొక పండగ. దిగాక ఆ విద్యార్థి నెత్తిన బకెట్టుతో నీళ్ళు పోస్తారు. ఫొటోగ్రాఫరు వస్తున్నాడని తెలిసి పరాంకుశం గారు కూడా ఇస్త్రీ చొక్కాతో రన్‌వే పక్కకి వచ్చి నిలబడ్డారు.

మేం విమానాన్ని తోసుకుంటూ వచ్చాం. గవర్రాజు చివరిదాకా నడిచి, కుర్చీలో కూర్చుని బూట్లు విప్పుకున్నాడు. దేవసహాయం గారు అపరంజి పక్క సీట్లోంచి దిగిపోయారు. పట్టీ బిగించిందో లేదో తనే చూసి, "ఇన్నాళ్ళూ నేను పక్కన ఊరికే కూర్చున్నానమ్మా. ఇవాళ కూర్చోను, అంతే తేడా" అన్నారు. ఆ అమ్మాయి తల ఊపింది.

ఇంజను మొదలైంది. విమానం కదిలింది. ముందు నడక, తరవాత పరుగు, తరవాత మా కళ్ళ ముందు నుంచి బాణంలా దూసుకుపోయింది.

పరాంకుశం గారి మొహం పాలిపోయింది. "అది నేల మీదే కదా ఉంది?" అన్నారు.

అంతలో చక్రాలు లేచాయి. తెల్లటి విమానం చింతతోపు మీదుగా పైకి వెళ్ళింది. అందరూ చప్పట్లు కొట్టబోయి, ఆయన వైపు చూసి మానేశారు.

"కెప్టెన్ గారూ, ఈ ఉల్లంఘన ఇవాళే జరిగిందా, రోజూ జరుగుతోందా?"

"రోజూ సార్. ఎగరాలంటే అంత వేగం ఉండాలి. లేకపోతే రెక్కలకి గాలి ఆనదు."

"గాలి సంగతి గాలి చూసుకుంటుంది. నేల నాది" అన్నారు పరాంకుశం గారు. కాసేపు ఆలోచించి, "సరే, వెళ్ళేటప్పుడు జరిగింది జరిగిపోయింది. విచారణ వేద్దాం. వచ్చేటప్పుడు ఎంత వేగంతో నేలకి తగులుతుంది?" అని అడిగారు.

"ఇంచుమించు అంతే వేగం సార్."

"అంటే జరగబోయే ఉల్లంఘన నాకు ముందే తెలిసింది. తెలిసి ఊరుకుంటే నేను కూడా భాగస్వామినే అవుతాను. రేడియో గది ఎక్కడ?"

రేడియో గది మేడ మీద ఉంది. ఆయన వెనకే మేమూ ఎక్కాం. పరాంకుశం గారు మైకు అందుకుని గొంతు సవరించుకున్నారు.

"అపరంజి గారూ, డైరెక్టరుని మాట్లాడుతున్నాను. మీరు దిగేటప్పుడు నేల మీద ప్రామాణిక వేగాన్ని మించరాదు."

కాసేపు గరగరమని చప్పుడు. తరవాత ఆ అమ్మాయి గొంతు. "దేవసహాయం సార్ ఉన్నారా అక్కడ?"

"ఉన్నారు. ప్రస్తుతం ఆహ్వానితులుగా ఉన్నారు."

"సార్, నడక వేగంతో వస్తే అది దిగడం కాదు సార్. పడటం."

"పడటం గురించి మన దగ్గర నిబంధన ఏమీ లేదమ్మా. వేగం గురించే ఉంది. తదుపరి ఉత్తర్వుల వరకు అక్కడే తిరుగుతూ ఉండండి."

దేవసహాయం గారు కిటికీలోంచి పడమటి వైపు చూపించారు. కొండల మీద నల్లటి మబ్బు లేచింది. గాలి దిక్కు చూపే గుడ్డగొట్టం అప్పటిదాకా వేలాడుతూ ఉన్నది, ఒక్కసారి అడ్డంగా లేచి నిలబడింది.

"సార్, ఆ పిల్లకి వానలో దిగడం నేను ఇంకా నేర్పలేదు" అన్నారాయన. "ఆ వాన వచ్చేలోపు దింపనివ్వండి. కావాలంటే నా రాజీనామా ఇప్పుడే రాసిస్తాను."

"రాజీనామా ఇస్తే మీకు ఈ గదిలో ఉండే అర్హతే పోతుంది. తొందరపడకండి. ఉపసంఘం ఇక్కడే కూర్చుంటుంది."

కూర్చున్నాం. పి.డి. మాస్టారు నీళ్ళ బకెట్టు పట్టుకుని కిందే ఉన్నారు, ఆయన్నీ పిలిపించాం. గవర్రాజుని పరిగెత్తిస్తే నడక వేగం పెరుగుతుంది కదా అని ఆయన సూచించారు. గవర్రాజుని పిలిచి అడిగాం. "ప్రమాణం పరిగెత్తితే ఇంక దాన్ని ప్రమాణం అని ఎవరంటారు బాబూ?" అన్నాడు. మాస్టారు సూచన వెనక్కి తీసుకున్నారు. దిగే విమానం ముందు కూడా అతను మామూలుగానే నడవాలని, ఆ అమ్మాయి అతన్ని చూసి వేగం సర్దుకుంటుందని డైరెక్టరు గారు ఆదేశించారు. గవర్రాజు బూట్లు వేసుకుని, జెండాలు పట్టుకుని రన్‌వే మీదికి వెళ్ళాడు.

రేడియోలో అపరంజి మళ్ళీ మాట్లాడింది. "సార్, గాలి బాగా కొడుతోంది. నాకు కొంచెం భయంగా ఉంది." ఆ మాట చాలా నెమ్మదిగా అంది, పక్కింటివాళ్ళకి వినబడకూడదన్నట్టు.

నాకూ ఆడపిల్లలున్నారు. నా సర్వీసంతా నేను ఏ ఫైలునీ ఆపలేదు, ఏ ఫైలునీ తొయ్యలేదు. ఆ క్షణంలో మాత్రం ఉత్తర్వు నకలు తీసి గబగబా చదివాను. చదివితే దారి దొరికింది.

"సార్, మనం 'నేల మీద' అని రాశాం. రన్‌వే నేల అని మాత్రం ఎక్కడా రాయలేదు."

పరాంకుశం గారు నా వైపు తిరిగారు. "నేల కాకపోతే ఏమిటి?"

"విమానం ఎగరడానికీ దిగడానికీ తప్ప ఇంక దేనికీ పనికిరాని స్థలం సార్. పరిపాలనా ప్రయోజనాల కోసం ఆకాశం అనుకోవచ్చు."

ఆయన మొహంలో వెలుగు వచ్చింది. నేను ఆయన దగ్గర పనిచేసిన కాలంలో అంత సంతోషం ఎప్పుడూ చూడలేదు. "నేలకు ఆనుకుని ఉన్న ఆకాశం" అన్నారు, ఒక్కో మాటా రుచి చూస్తున్నట్టు. "రాయండి."

రాశాను. 'ఆకాశముగా భావించవలెను' అన్నాను. భావించడం అంటే అనుమానం ఉన్నట్టవుతుంది, 'ఆకాశమే' అని పెట్టమన్నారు. 'ఆకాశమే' అంటే మిగతా ఆకాశం కాదనే అర్థం వస్తుందేమో అని మాస్టారు అన్నారు. 'ఆకాశము కూడా' అని దిద్దాం. డైరెక్టరు గారు సంతకం చెయ్యడానికి జేబులో కలం కోసం వెతుక్కుంటుండగా దేవసహాయం గారు మైకు లాక్కున్నారు.

"అపరంజీ, దిగమ్మా. నేర్పినట్టే దిగు. ఇంకెవరి మాటా వినకు."

"సార్, రన్‌వే మీద గవర్రాజు ఉన్నాడు."

దేవసహాయం గారు కిటికీలోంచి కేకేశారు. గవర్రాజు ఎర్రజెండా ఊపి, రాతపూర్వకంగా ఇస్తే తప్పుకుంటానన్నట్టు చేత్తో గాల్లో రాసి చూపించాడు. కెప్టెన్ గారు మెట్లు దిగి పరిగెత్తారు. రిటైరుమెంటుకి దగ్గరపడ్డ మనిషి, బాన పొట్ట, అయినా నేను చూసిన నడకలన్నిటిలోకీ చురుకైనది అదే. ఒకపక్క మబ్బు, ఒకపక్క విమానం, మధ్యలో పసుపు కోటు నిలకడగా నడుస్తూ ఉంది. ఆయన వెళ్ళి ఆ కోటు కాలరు పట్టుకుని లాగారు. ఇద్దరూ గడ్డిలో దొర్లారు. వాళ్ళ పక్కనించి విమానం ఒకసారి గెంతి, ఇంకోసారి గెంతి, తరవాత కుదురుగా సాగి, రన్‌వే చివర ఆగింది.

అప్పుడే వాన మొదలైంది. మేం కిందకి వెళ్ళేసరికి అపరంజి దిగి, రెక్క పట్టుకుని నిలబడి ఉంది. "సార్, సరిగ్గానే దిగానా?" అని అడిగింది.

దేవసహాయం గారి జుట్టు నిండా గడ్డి. "ఇక్కడ సరిగ్గా దిగింది నువ్వొక్కదానివేనమ్మా" అన్నారు. మాస్టారు తెచ్చిన బకెట్టు అలాగే ఉండిపోయింది. వాన ఆ పని చేసేసింది. ఆ అమ్మాయి తడుస్తూ నవ్వింది, నవ్వుతూ ఏడ్చింది, ఆయన అటు తిరిగి కళ్ళజోడు తుడుచుకున్నారు.

విచారణ వేశాం. చక్రం ముందు తాకిందా, సంతకం ముందు పడిందా అన్నది మొదటి అంశం. చక్రం ముందైతే ఆమె నేల మీద వేగం మించినట్టు, సంతకం ముందైతే ఆకాశంలో మామూలుగా ఎగిరినట్టు. ఫొటోగ్రాఫరు ఆ సమయంలో డైరెక్టరు గారు సంతకం చేస్తున్న ఫొటో తీశాడు గానీ విమానం ఫొటో తియ్యలేదు. బెనిఫిట్ ఆఫ్ డౌట్ ఆమెకి దక్కింది.

దేవసహాయం గారికి దక్కలేదు. రన్‌వే ఆకాశం అయ్యాక, అందులో ఉన్న ఉద్యోగిని కాలరు పట్టుకుని లాగడం గగనతలంలో సహోద్యోగిపై దౌర్జన్యం కిందికి వస్తుంది. మెమో టైపవుతుండగానే ఆయన రాజీనామా ఇచ్చి పక్క రాష్ట్రంలో ఒక చిన్న ఫ్లయింగు క్లబ్బులో చేరిపోయారు. నెల తిరక్కుండా అపరంజి కూడా పేరు తీయించుకుని అక్కడికే వెళ్ళింది. వెళ్ళేటప్పుడు నా గదికి వచ్చి, "మీరు ఆ రోజు కనిపెట్టకపోతే ఏమయ్యేదో మామయ్యగారూ" అంది. నేను ఉత్తర్వు నకలు ఒకటి ఆమెకి జ్ఞాపకంగా ఇచ్చాను. మర్యాదగా తీసుకుంది.

అసలు చిక్కు గవర్రాజుతో వచ్చింది. ఆ రోజు లైసెన్సు లేకుండా ఆకాశంలో ఎందుకు ఉన్నావో సంజాయిషీ ఇమ్మని మెమో ఇచ్చాం. అతను యూనియన్ ద్వారా జవాబు పంపాడు. ఉద్యోగంలో చేరిన నాటి నుంచి కుక్కల్ని తరమడానికి, రాళ్ళు ఏరడానికి తాను రోజూ సంస్థ ఆదేశాల మీదే ఆ ఆకాశంలో తిరుగుతున్నానని, కాబట్టి ఆ కాలమంతా ఎగిరిన గంటల కింద లెక్కకట్టాలని. ఫైలు అన్ని గదులూ తిరిగింది. ఎక్కడా తప్పు కనిపించలేదు. లెక్క కడితే దేవసహాయం గారి కంటే గవర్రాజుకే ఎక్కువ గంటలు వచ్చాయి. చీఫ్ ఇన్‌స్ట్రక్టరు పోస్టు ఖాళీగా ఉంది. అనుభవజ్ఞుణ్ణి పక్కన పెడితే కోర్టుకి వెళ్తాడు.

ఇప్పుడు గవర్రాజు గారే మా చీఫ్ ఇన్‌స్ట్రక్టరు. ఆయన పద్ధతి సులువు. పొద్దున్నే విద్యార్థులు రన్‌వే మీద వరసగా నిలబడతారు, చేతులు రెండు పక్కలకీ చాస్తారు, ఆయన వెనకాల నడుస్తారు. మలుపు దగ్గర ఏ వైపు తిరగాలో ఆ వైపు చెయ్యి కాస్త వంచాలి. నడిచినంతసేపూ ఎగిరిన గంటలే. విమానాలు హ్యాంగరులో భద్రంగా ఉన్నాయి. ఒక్క ప్రమాదం లేదు, ఒక్క చుక్క పెట్రోలు ఖర్చు లేదు. భద్రతలో ఆదర్శ సంస్థగా మాకు జ్ఞాపిక వచ్చింది. దాన్ని అందుకున్న నెలలోనే పరాంకుశం గారికి ప్రమోషన్ మీద నీటిపారుదలకి బదిలీ అయింది. నాకు షుగరు ఉంది, డాక్టరు సాయంత్రాలు నడవమన్నాడు. రన్‌వే మీదే నడుస్తున్నాను. ఇలాగే సాగితే రిటైరయ్యేనాటికి కమర్షియల్ పైలట్‌ని అవుతాను.

మొన్న పొద్దున క్లాసు జరుగుతుండగా ఒక చిన్న విమానం వచ్చి మా మీద చుట్టు తిరిగింది. రేడియోలో అపరంజి గొంతు. ఇప్పుడు ఆమె అద్దెకి తిప్పే చార్టర్ విమానం నడుపుతోంది. ఎటో వెళ్తూ, మా ఊరి మీదుగానే కదా, ఒకసారి దిగి అందరినీ చూసి వెళ్దామనుకుందట. వేరే ఆపరేటరు లేడు కనుక మైకు నేనే తీసుకున్నాను. ఎంత సంతోషం వేసిందో చెప్పలేను. కిందికి కబురు పంపాను. గవర్రాజు గారు నింపాదిగా నడిచి వచ్చి, మెట్లెక్కి, మైకు అందుకున్నారు.

"మేడమ్, ప్రస్తుతం ఆకాశం ఖాళీ లేదు. మా విద్యార్థులు ఎగురుతున్నారు."

అవతల గరగరమని చప్పుడు. తరవాత, "అలాగేనండి. వాళ్ళని కానివ్వండి" అంది అపరంజి. గొంతులో నవ్వు ఉందో, ఇంకేదైనా ఉందో, ఆ గరగరలో తెలియలేదు.

ఆమె విమానం ఇంకొక్క చుట్టు తిరిగింది. ఒక రెక్క వంచి, ఎండలో తళుక్కుమని, తూర్పు వైపు మళ్ళింది. రన్‌వే మీద చేతులు చాచుకుని నిలబడ్డ పిల్లలందరూ తలలెత్తి, అది చుక్కంతయ్యేదాకా అటే చూస్తూ ఉండిపోయారు.

గవర్రాజు గారు కిటికీలోంచి ఈల ఊదారు. ఎగిరేటప్పుడు పైకి చూడకూడదని వాళ్ళని కోప్పడ్డారు.